కిటికీ లేని గదే కావాలన్నాను

"మీ అమ్మని ఓడ ఎక్కించి, తీసుకెళ్ళి చీకటి కొట్లో పడుకోబెట్టావటగా!"

పోయిన నెల బంధువుల గృహప్రవేశంలో, భోజనాల బల్ల దగ్గర నా పక్కన కూర్చున్న మా వదినగారు, పప్పులో నెయ్యి వేయించుకుంటూ అన్న మాట ఇది. వదినగారంటే మావారి అక్కగారు. ఎదుటి వరసలో వాళ్ళకి కూడా వినబడేట్టే అన్నారు. శుభమా అని గృహప్రవేశం జరుగుతున్న ఇంట్లో గొడవెందుకని నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు. అందుకే ఈసారి ఊరగాయల గురించి రాస్తానని మీకిచ్చిన మాట పక్కన పెట్టి, ఇది రాస్తున్నాను.

సంగతి మొదటి నుంచీ చెప్తాను. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలయ్యాక సింగపూర్ వెళ్ళి, అక్కణ్ణించి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం చేయాలని అనుకున్నాం. సింగపూర్‌లో ఎక్కి, మలేషియాలో పెనాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ చూసి, మళ్ళీ సింగపూర్‌లో దిగడం. మన తెలుగువాళ్ళు ఈ మధ్య చాలామంది వెళ్తున్నదే. టిక్కెట్లు మాట్లాడే అబ్బాయి రెండు లెక్కలు ఇచ్చాడు. బాల్కనీ ఉన్న ఒక గదిలో మావారు, నేను, అమ్మాయి ముగ్గురం సర్దుకుంటే లక్షా 95 వేలు. ఓడ మధ్యలో, కిటికీ లేని లోపలి గదులు రెండు తీసుకుంటే నలుగురికి లక్షా 80 వేలు. ఆ నాలుగో మనిషి మా అమ్మ.

మావారు మొదటి కాగితం మీదే వేలు పెట్టారు. ఆ అబ్బాయి కూడా "ఇంటీరియర్" అన్న మాట దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి, ఏదో మన పరువు కాపాడుతున్నట్టు, "ఫ్యామిలీస్ సాధారణంగా తీసుకోరండీ" అన్నాడు. నేను రెండో కాగితం ముందుకు లాగాను. మధ్యరకం గది కూడా ఒకటుంది. అందులో అద్దం బిగించిన కిటికీ ఉంటుంది, అది తెరుచుకోదు. అలాంటివి రెండు తీసుకుంటే మా బడ్జెట్ దాటిపోతుంది. అందుకని నా లెక్క సూటిగా ఉంది. ఒక పక్క కిటికీ, ఒక పక్క అమ్మ. పైగా అమ్మ వైపు 15 వేలు మిగులు.

ఇందులో ఆలోచించాల్సిందేముందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ముందు అసలు ఈ "చీకటి కొట్టు" అంటే ఏమిటో చూద్దాం. ఇప్పటి పెద్ద ఓడలు నలభై మీటర్ల దరిదాపు వెడల్పు ఉంటాయి. అంచు వెంబడి గదులు కట్టాక మధ్యలో ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. ఆ చోట్లో కట్టేవే లోపలి గదులు. మాకిచ్చినది సుమారు 160 చదరపు అడుగులు. మంచం, చిన్న సోఫా, అద్దం బల్ల, బీరువా, టీవీ, స్నానాల గది అన్నీ ఉన్నాయి. బాల్కనీ గదిలో మంచం మీద వేసే దుప్పట్లే ఇక్కడా వేస్తారు. ఆ గదిని రోజూ సర్ది, తువ్వాలుతో ఏనుగుబొమ్మ చేసి మంచం మీద పెట్టే మనుషులే ఈ గదినీ సర్దుతారు. భోజనాల హాలు అదే, నాటకశాల అదే, ఈత కొలను అదే. పనివాళ్ళకని మనిషికి ఇంతని రోజుకి కట్టే టిప్పు కూడా మేమెక్కిన ఓడలో రెండు రకాల గదులకీ ఒకటే. గది దాటి వరండాలో అడుగు పెట్టాక, మీరు ఏ గదిలోంచి వచ్చారో మీ నుదుటి మీద రాసి ఉండదు.

రాసి ఉండదు కాబట్టే ఫోటో పెట్టాలి. అదీ అసలు బాధ. బాల్కనీ కటకటాల మీద చేతులు వేసి, జుట్టు గాలికెగురుతుంటే, వెనకాల సముద్రం పెట్టి తీసిన ఫోటో లేకపోతే ఓడ ఎక్కినట్టే కాదు! మా వదినగారు కిందటేడాది ఆ ప్రయాణమే బాల్కనీ గదిలో చేసొచ్చారు. ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫోటోలు మేమందరం చూశాం, బొమ్మలు పెట్టి మెచ్చుకున్నాం. తర్వాత ఒకసారి తీరిగ్గా మాట్లాడుతున్నప్పుడు ఆవిడే చెప్పారు, "ఉక్కపోతమ్మా, కూర్చోలేకపోయాం, తలుపేసుకుని ఏసీలో పడుకున్నాం" అని. సింగపూర్ భూమధ్యరేఖకి ఒక డిగ్రీ పైన ఉన్న ఊరు. అక్కడ మధ్యాహ్నం బాల్కనీలో కూర్చోవడమంటే మన కాకినాడలో మే నెల ఉక్కలో డాబా మీద కూర్చోవడమే. ఆవిడ బాల్కనీలో గడిపిన సమయం, వెళ్ళిన రోజు అరగంట, దిగే రోజు పావుగంట. ఆ ముప్పావుగంటకి అన్ని వేలు ఎక్కువ కట్టడం ఆవిడ ఇష్టం. నేను తప్పు పట్టను. నా లెక్కని తప్పు పట్టే హక్కు మాత్రం ఆవిడకి లేదు.

ఇక సముద్రం సంగతి. సముద్రం చూడ్డానికి వెళ్ళి సముద్రం కనబడని గదిలో ఉండటమేమిటని అడుగుతారు. ఆ మాటకి మా ఇంట్లోనే ఒక జవాబుంది.

మా అమ్మ వాళ్ళ తాతగారు కాకినాడ రేవులో ఓడెక్కి "రంగం" వెళ్ళారు. రంగం అంటే రంగూన్. ఆ రోజుల్లో కాకినాడ, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుంచి బర్మాకి పొగ ఓడలు నడిచేవి. కోస్తా జిల్లాల నుంచి మన తెలుగువాళ్ళు వేలకి వేలు బియ్యపు మిల్లుల్లోనూ, రేవుల్లోనూ కూలి చేసుకోవడానికి వాటిల్లో వెళ్ళేవారు. వాళ్ళు కొనుక్కునేది డెక్కు టిక్కెట్టు. అంటే గది లేదు, మంచం లేదు. ఓడ పైన చాప పరుచుకున్నంత మేరే వాళ్ళది. ఎండొచ్చినా, వానొచ్చినా, కెరటం ఎగిరి మీద పడినా అక్కడే. గదులూ, పరుపులూ దొరల కోసం. రంగం వెళ్ళొచ్చిన ఆ తాతగారు, "కంటినిండా సముద్రం చూశానే, ఇక చూడఖ్ఖర్లేదు" అనేవారట. ఆ తర్వాత సముద్రం ఒడ్డుకి కూడా వెళ్ళేవారు కాదట. 1942లో జపాన్ వాళ్ళు బర్మా మీదకొచ్చినప్పుడు ఎంతమంది అడవులు పట్టుకుని నడిచి వచ్చారో, దారిలో ఎంతమంది పోయారో మన పెద్దవాళ్ళకి తెలుసు. ఈయన అంతకు ముందే వచ్చేశారు కాబట్టి బతికిపోయారు.

ఎందుకు చెప్తున్నానంటే, ఒకప్పుడు ఓడలో సముద్రం కనబడటం పేదరికం. నాలుగు గోడలు ఉండటం దర్జా. ఇప్పుడది తిరగబడింది. సముద్రమూ మారలేదు, గోడా మారలేదు. ఏది గొప్పో చెప్పేవాళ్ళు మారారు. మనం వాళ్ళ మాట పట్టుకుని అమ్మల్ని ఇంట్లో వదిలేసి వెళ్ళాలా?

అంతమాత్రాన లోపలి గది స్వర్గమని చెప్పను. ఇబ్బందులున్నాయి, అవి దాచిపెడితే నా మాట మీరు నమ్మకూడదు.

మొదటి రాత్రే అయింది మాకు. అమ్మ, అమ్మాయి ఒక గదిలో, మేమిద్దరం పక్క గదిలో. తలుపు దబదబా కొట్టిన చప్పుడికి లేచి చూస్తే, అమ్మ! తలస్నానం చేసి, నేత చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని నిలబడి ఉంది. "ఇంకా లేవలేదేమిటే, పొద్దెక్కిపోయింది, అల్లుడుగారికి కాఫీ ఎక్కడిస్తారో కనుక్కో" అంది. టైము చూస్తే రెండున్నర. ఆ గదిలో లైటు తీస్తే రాత్రీ పగలూ ఒకటే. కోడి కూత లేదు, పాలవాడి గంట లేదు, కిటికీ సందులోంచి వెలుగు లేదు. డెబ్భై ఏళ్ళుగా వెలుగుని బట్టి లేచే మనిషికి ఆ వెలుగే లేకుండా పోయింది. మావారు నా వంక చూసిన చూపు మీకు చెప్పక్కర్లేదు.

మర్నాడు గది సర్దే అమ్మాయి చెప్పింది దానికి మందు. ఓడ ముందు భాగంలో ఉన్న కెమెరా చూపించే దృశ్యం టీవీలో ఒక ఛానెల్లో ఎప్పుడూ వస్తుందట. శబ్దం తీసేసి అది పెట్టుకుని పడుకుంటే చాలు. రాత్రంతా తెర నల్లగా ఉంటుంది. తెల్లవారుతుంటే బూడిద రంగులోకి, తర్వాత నారింజలోకి తిరుగుతుంది. ఆ రెండో రాత్రి నుంచి అమ్మకి అదే కిటికీ. కొన్ని ఓడల్లో ఈ పని కంపెనీలే చేసి పెడుతున్నాయి. 2011లో వచ్చిన డిస్నీ డ్రీమ్ ఓడలో లోపలి గదుల గోడకి గుండ్రటి కిటికీ ఆకారంలో తెర పెట్టి, బయటి కెమెరా దృశ్యం అందులో చూపిస్తారు. అంతకు ముందే, 1999లో వచ్చిన వాయేజర్ ఆఫ్ ది సీస్ ఓడలో కొన్ని లోపలి గదుల కిటికీలు, ఓడ మధ్యలో ఉన్న బజారు వీధి వైపు తెరుచుకునేట్టు కట్టారు.

ఇంకా కొన్ని సంగతులు చెప్తాను, వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. చౌకగా వస్తుందని, ఏ గది వస్తుందో చెప్పని టిక్కెట్టు తీసుకోకండి. రెండు గదులు రెండు చివర్ల రావచ్చు. పెద్దవాళ్ళుంటే లిఫ్టుకి దగ్గరగా, ఓడ పొడవుకి మధ్యలో, కింది అంతస్తుల్లో ఉన్న గది నంబరు అడిగి తీసుకోండి. ఊగడం అక్కడ తక్కువ. పైనా కిందా కూడా గదులే ఉండేట్టు చూసుకోండి. పైన వంటశాలో, డాన్సు హాలో ఉంటే నిద్ర ఉండదు. గోడలు ఇనుపరేకువి కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు పట్టుకెళ్తే తువ్వాళ్ళూ సంచులూ తగిలించుకోవచ్చు. స్నానాల గదికి దారి తెలిసేట్టు ఒక చిన్న బెడ్ లైటు తీసుకెళ్ళండి. మా అమ్మ రాత్రి ఒకసారి బీరువా తలుపు తీసి స్నానాల గది అనుకుంది.

ఇక ఈ గది ఎవరికి పనికిరాదో కూడా చెప్తాను. తలుపేస్తే ఊపిరాడనట్టు ఉండేవాళ్ళు తీసుకోకూడదు. కడుపులో తిప్పేవాళ్ళకి దూరంగా సముద్రపు గీత కనబడుతుంటే కొంత నయంగా ఉంటుంది, వాళ్ళకి ఇది కష్టం. మోకాళ్ళ వల్లో, ఆయాసం వల్లో రోజంతా గదిలోనే ఉండాల్సిన పెద్దవాళ్ళని ఇందులో పెట్టడం పాపం. పగలు రెండుసార్లు పడుకునే చంటిపిల్ల ఉంటే, ఆ తల్లి ఆ చీకట్లో కూర్చోవాలి. వీళ్ళందరికీ కిటికీ విలాసం కాదు, అవసరం. అప్పు చేసైనా బాల్కనీ తీసుకోవాలి, లేదా ప్రయాణం మానుకోవాలి. మా అమ్మ పొద్దున్న ఆరింటికి గది వదిలితే రాత్రి పదింటికి గానీ తిరిగి చేరేది కాదు. అందుకే మాకు సరిపోయింది.

ఇప్పుడు వదినగారి మాటకి వస్తాను. చీకటి కొట్టు అన్నారు కదా.

మా ఫ్లాటు కొని పద్దెనిమిదేళ్ళయింది. హాలుకి బాల్కనీ ఉంది, పడగ్గదులకి పెద్ద పెద్ద కిటికీలున్నాయి. వంటింటికి ఉన్నది ఒకే ఒక్క కిటికీ, మూరెడు. అది గాలి గొట్టం లాంటి సందులోకి తెరుచుకుంటుంది. కింది నాలుగు ఇళ్ళ పోపుల ఘాటూ, బాత్రూముల నీళ్ళ చప్పుడూ అందులోంచి వస్తాయి. పగలు పన్నెండింటికి కూడా లైటు వేసుకునే కూర తరుగుతాను. రోజుకి ఐదారు గంటల చొప్పున పద్దెనిమిదేళ్ళు లెక్క వేసుకోండి. ఈ పద్దెనిమిదేళ్ళలో మా ఇంటికి రాని చుట్టం లేరు. వదినగారు ఎన్ని పండగలకొచ్చారో, ఆ వంటింటి గుమ్మంలో నిలబడి ఎన్ని కబుర్లు చెప్పారో. "అయ్యో, నిన్ను చీకటి కొట్లో పెట్టారే" అని ఒక్కరంటే ఒక్కరు అన్నారా? కొన్నప్పుడు బిల్డరూ అనుకోలేదు, మావారూ అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ అనుకోలేదు.

మా అమ్మ సంగతి ఇంకా ముందుది. ఆవిడ కాపురానికొచ్చింది మండువా ఇంటికి. మధ్యలో మండువా, దానికి వెలుగు. చుట్టూ ఉన్న గదులు మాత్రం పగలే దీపం పెట్టుకోవాల్సినవి. అందులో ఒక గదిలో ముగ్గుర్ని కన్నది. ఇంకో గదిలో కట్టెల పొయ్యి పొగలో ముప్ఫై ఏళ్ళు వండింది. అప్పుడెవరికీ గుర్తురాని వెలుతురు, ఆవిడ నాలుగు రాత్రులు ఏసీ గదిలో పరుపు మీద పడుకుంటే అందరికీ గుర్తొచ్చింది!

కిటికీ లేకపోవడం ఎవరికీ బాధ కాదమ్మా. డబ్బు పెట్టి కొన్న చోట కిటికీ లేకపోతే నలుగురూ ఏమనుకుంటారోనన్నదే బాధ. ఆడవాళ్ళు పనిచేసే గదికి ఎవరూ ఫోటో తీయరు కదా, అక్కడ వెలుతురు లేకపోయినా పరువు పోదు.

ఇంతా రాశాక, నా మాటని నా మీదకే తిప్పగల చెల్లెళ్ళు మీలో ఉంటారని నాకు తెలుసు. "మీరూ చివరికి చీకటి గదే ఎంచుకున్నారుగా, ఆడదానికి అలవాటైన త్యాగమేగా ఇది" అంటారు. న్యాయమైన ప్రశ్న. "నాకెందుకులే" అనే మాట మన నోటికి ఎంత అలవాటో నాకు తెలుసు. చేపల పులుసులో తల ముక్కలు మనకి, కారులో మధ్య సీటు మనకి, హోటలు గదిలో అదనపు పరుపు మనకి. అలా "నాకెందుకులే" అని కిటికీ లేని గది తీసుకుంటే అది తప్పే. మిగిలిన డబ్బు ఇంకెవరి సరదాకో పోతే మరీ తప్పు. భార్యా పిల్లలు లోపలి గదిలో సర్దుకుని, ఆ మిగులుతో మగవాళ్ళు మందు ప్యాకేజీ కొనుక్కున్న కుటుంబాన్ని ఆ ఓడలోనే చూశాను. అందుకే నేను రెండే ప్రశ్నలు పెట్టుకుంటాను. ఈ గది ఎంచుకున్నది ఎవరు? మిగిలింది ఎవరి కోసం? ఎంచుకున్నది నేను. మిగిలింది మా అమ్మ కోసం. పైగా అందరం అదే గదుల్లో ఉన్నాం. మావారు కూడా. ఒకరికి బాల్కనీ, ఒకరికి గోడ కాలేదు.

ఇంకో మాట కూడా ఉంది. అత్తగారినీ మామగారినీ కాశీకి, తిరుపతికి మేం తీసుకెళ్ళినప్పుడు ఎవరూ లెక్కలు అడగలేదు. అడగకూడదు కూడా, అది మా విధి. కూతురు తన తల్లిని తీసుకెళ్ళేసరికి మాత్రం గది కొలతల దాకా ఆరా తీశారు. వదినగారి మాటలో నాకు గుచ్చుకున్న ముల్లు ఇదేనేమో. గదిలో కిటికీ లేదనేది పైకి వచ్చిన మాట. నాలుగో టిక్కెట్టు ఎందుకనేది లోపల ఉన్న మాట.

పెనాంగ్ చేరే రోజు తెల్లవారుజామున, తెర బూడిద రంగులోకి తిరగ్గానే అమ్మ నన్ను లేపింది. ఇద్దరం లిఫ్టులో పై డెక్కుకి వెళ్ళాం. కుర్చీలు తుడిచే అబ్బాయి తప్ప ఎవరూ లేరు. బాల్కనీల వాళ్ళంతా తెరలు వేసుకుని నిద్రపోతున్నారు. మలక్కా జలసంధి చెరువులా ఉంది. అమ్మ కటకటాలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. దేవుడి పేరైనా తలుచుకుంటుందేమో అనుకున్నాను. "మా తాత ఈ నీళ్ళ మీద చాపేసుకుని పడుకుని వెళ్ళాడే" అంది. బర్మా దారి ఇది కాదమ్మా, ఇంకా పైన ఉంది అని చెప్పబోయి ఊరుకున్నాను. కాసేపాగి, "కాఫీ ఎక్కడిస్తారో పద, మీ ఆయన లేస్తాడు" అని లిఫ్టు వైపు నడిచింది.

మిగిలిన 15 వేలు ఏం చేశావని అడిగితే చెప్తాను. వంటింట్లో గట్టి ఎగ్జాస్ట్ ఫాను, గట్టు మీద కూర తరిగే చోట రెండు మంచి లైట్లు పెట్టించాను. వచ్చే పండక్కి వదినగారు వస్తారు. ఈసారి వంటింటి గుమ్మంలో నిలబెట్టకుండా, లోపలికి పిలిచి, ఒక పీట వేసి, పూర్ణం చుట్టమని చేతికిస్తాను. రెండు గంటలు కూర్చున్నాక, వెలుతురు సరిపోయిందా వదినా అని అడుగుతాను.